కుట్టు వేసిన చివరి అధ్యాయం

ముందే చెబుతున్నాను, ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడైనా తప్పితే క్షమించండి. యాభై ఎనిమిదేళ్లకు పలక పట్టినదాన్ని. ఒక్కో వాక్యం దగ్గర ఆగి, సరిచూసుకుని రాశాను. మీరూ కాస్త నెమ్మదిగా రావాలి. రాసింది నేనే గానీ మాట్లాడేది నేను కాదు, ఇప్పుడు నా దగ్గరున్న ఒక పుస్తకం. ఇక దాని నోటితోనే వినండి.

నేను ఒక అపరాధ పరిశోధన నవలను. ఇంగ్లండులో పుట్టిన కథను తెలుగు చేసి విజయవాడలో అచ్చు వేశారు. నా కడుపులో ఒక పెద్ద బంగళా ఉంది. దాని చుట్టూ మంచు, లోపల చుట్టాలూ నౌకర్లూ పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పే గవర్నెసూ, లైబ్రరీ గదిలో సర్ ఎడ్మండ్ శవం. ఇంత సరుకు లోపల పెట్టుకుని స్థిమితంగా ఎలా ఉండను? చంపిందెవరో నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు. ఎవరు నన్ను చేతిలోకి తీసుకున్నా, ఎప్పుడు చివరి పేజీకి వస్తారా అని నా కాగితాలు కొట్టుకుంటాయి.

మొదట నన్ను కొన్నవాడు మందుల కంపెనీ ఉద్యోగి. రైల్లో సగం చదివాడు, దిగాల్సిన స్టేషను దగ్గరపడగానే చివరి పేజీ చూసేసి నన్ను బెర్తు మీదే వదిలేశాడు. అక్కణ్ణుంచి ఒక లాడ్జీ చేరాను. అక్కడి గుమాస్తా నా మీద టీ గ్లాసు పెట్టీ పెట్టీ అట్ట ఊడగొట్టాడు. రహస్యం తెలిసేదాకా మనుషులు అన్నం కూడా మానేసి మమ్మల్ని పట్టుకుంటారు. తెలిశాక మేము పొట్లాల కాగితాలం.

పిఠాపురంలో పాత పుస్తకాల బండి మీద నుంచి నన్ను ఏరింది శకుంతలాదేవి టీచరుగారు. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాక ఆవిడ తన వరండాలో శనివారం మధ్యాహ్నాల చదువు మొదలుపెట్టారు. అన్నీ బంగళా హత్యలే. వచ్చేవాళ్లు ముగ్గురు. మందుల షాపు అనసూయ, పోస్టాఫీసులో పనిచేసి మానేసిన మేరీ సుగుణ, అప్పడాలు చేసి అమ్మే నూకాలమ్మ. భర్త పోయాక నూకాలమ్మకు అక్షరాలు నేర్పింది టీచరుగారే. వరండాలోకి పిలిచిందీ ఆవిడే. అయితే అక్కడ నూకాలమ్మ పని వినడమే. పైకి చదివే వంతు ఆమెదాకా ఎప్పుడూ రాలేదు.

వాళ్ల మాటలు వింటే నాకు నవ్వొచ్చేది.

"బట్లరంటే ఎవరండీ?" అని నూకాలమ్మ అడిగింది.

"పనివాళ్ల మీద పెత్తనం చేసే పనివాడు" అన్నారు టీచరుగారు.

"అయితే వాడే చంపుంటాడు" అంది సుగుణ.

"మీకు ప్రతిసారీ పనివాళ్లేనండీ చంపేది. అయ్యగార్లకి చేతుల్లేవా?" అంది నూకాలమ్మ.

వాళ్లకొక ఆచారం ఉంది. చివరి అధ్యాయం ఎవరూ ముందే చూడకుండా సుగుణ ఆ పేజీలను కలిపి సూదీ దారంతో కుట్టేసేది. తర్వాత పుస్తకం ఒక్కో ఇంటికీ వెళ్లి, చివరికి టీచరుగారి బీరువాకు చేరాలి. ఆఖరి శనివారం అందరూ హంతకుడి పేరు చెప్పాకే దారం కొయ్యాలి. ఎప్పుడూ సరిగ్గా చెప్పేది టీచరుగారే.

నూకాలమ్మ నన్ను అందరికంటే ఎక్కువ రోజులు ఉంచుకుంది. అప్పడాలు ఎండబెట్టి, ఆ పక్కనే కూర్చుని, నా వరసల కింద వేలు పెట్టి చదివేది. కుట్టు దగ్గరికి వచ్చినప్పుడు ఆ దారాన్ని గోటితో తడిమింది. కత్తెర చేతికందే దూరంలోనే ఉంది. దాని వైపు చెయ్యి చాచింది. తీరా లేచి నన్ను గుడ్డలో చుట్టేసింది.

ఆఖరి శనివారం వచ్చింది. సుగుణ నన్ను బీరువాలోంచి తీసి అరిచింది.

"దారం ఏదండీ? ఎవరో కోసేశారు!"

వరండా అంతా గొడవ. అనసూయ తన మీద ఒట్టు పెట్టుకుంది. "మా ఇంట్లో నా చేతికి రిమోటే ఇవ్వరు, ఇంక కత్తెర ఎక్కడిది?" అంది. అందరి చూపులూ మెల్లగా నూకాలమ్మ మీదికి తిరిగాయి. ఆ చూపులే ఆమెకు ముళ్లలా గుచ్చుకున్నాయి.

టీచరుగారు నవ్వేశారు. "పాపం, నూకాలును అనుమానించకండర్రా. ఆ అధ్యాయం చదవాలంటే దానికి నెల పడుతుంది. నేర్పిందాన్ని, నాకు తెలీదా?"

అందరూ హాయిగా నవ్వారు. అనుమానం తీరిపోయింది. నూకాలమ్మ మాత్రం నవ్వలేదు. దొంగ అన్నా ఇంత బాధపడేది కాదేమో. దొంగంటే కనీసం చదవగలిగిన మనిషి కింద లెక్క.

"నేను కొయ్యలేదండి" అంది. "కొయ్యాలని మాత్రం చచ్చేంత అనిపించింది. కోసుంటే ఆ పూటే చదివేద్దును. ఇవాళ పైకి చదివేది నేనే."

"నువ్వా? కుళాయి వచ్చే టైమైందే!" అంది అనసూయ.

నూకాలమ్మ అప్పటికే నన్ను ఒళ్లోకి తీసుకుంది.

చదివింది. ఒక్కో మాటా మెట్టు ఎక్కినట్టు ఎక్కింది. ఇన్‌స్పెక్టరు అందరినీ హాల్లో కూర్చోబెట్టేసరికే సుగుణ రెండుసార్లు కాళ్లు మార్చుకుంది. అనసూయ గాజులు వెనక్కీ ముందుకీ తోసుకుంటోంది. వీధి కుళాయిలో నీళ్లొచ్చిన చప్పుడు వినబడింది. బిందెలు పొంగి పారుతున్నా ఎవరూ లేవలేకపోయారు. టీచరుగారి కాలు ఆగకుండా ఊగుతోంది. నా సంగతి చెప్పనక్కర్లేదు, తర్వాతి పేజీ దానంతటదే లేచిపోతోంది. నూకాలమ్మ దాన్ని బొటనవేలితో నొక్కిపట్టింది.

"ఇన్‌స్పెక్టరు వెనక్కి తిరిగి, సర్ ఎడ్మండ్‌ను చంపింది... గ... గవ... ర్..."

"గవర్నెస్, పియానో తీగతో!" అన్నారు టీచరుగారు.

పిల్ల తడబడితే మాట అందించడం ఆవిడకు ముప్పై ఏళ్ల అలవాటు. నోటిని ఆపుకోలేకపోయారు.

అప్పటిదాకా దిండుతో నొక్కి చంపారనే అంతా అనుకుంటున్నారు. తీగ మాట అంతకుముందు ఏ పేజీలోనూ లేదు.

"అమ్మ టీచరుగారూ!" అంది సుగుణ. "ప్రతిసారీ మీరే కనిపెట్టేది ఇందుకా?"

టీచరుగారి ముఖం ఎర్రబడింది. "ఎప్పుడూ మళ్లీ కుట్టేసేదాన్నే" అన్నారు చిన్నగా. "ఈసారి సూదిలో దారం ఎక్కలేదు."

అనసూయ పకపకా నవ్వబోయి నూకాలమ్మను చూసి ఆగిపోయింది. నూకాలమ్మ తల ఎత్తలేదు. ఆమె వేలు ఆ మాట కిందే ఉంది.

"అందించకండి టీచరుగారూ. వస్తంది. గ... వ... ర్నెస్. గవర్నెస్."

వేలు తర్వాతి మాట మీదికి జరిగింది. కుళాయి ఆగిపోయింది, ఎండ వరండా దిగిపోయింది. హంతకురాలెవరో అందరికీ తెలిసిపోయింది, అయినా ఒక్కరూ కదల్లేదు. నా జన్మలో అది మొదటిసారి. ఒక పేజీ చివర నూకాలమ్మ దమ్ము తీసుకోవడానికి ఆగింది.

టీచరుగారు కాలు ఊపడం మానేసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నారు.

"చదవండి, నూకాలమ్మగారూ" అన్నారు.

గంటా నూకాలమ్మ, అరవై నాలుగేళ్లు,
ప్రస్తుతం కూతురి దగ్గర, సామర్లకోట.