జేబులో ఎమరీ పేపరు

పంతొమ్మిదేళ్లుగా మెట్ల కింద పడి ఉన్న బావ మోటార్ సైకిల్ ఇంజను విప్పడానికి మెకానిక్ తమ్ముడు ఒప్పుకున్నాడంటే, అక్క మీద ప్రేమతో అని అందరూ అనుకున్నారు. కొంత నిజమే. మిగతాది భయం. బండిని పాత ఇనుముకి వేసేస్తానని బావ అంటుంటే, "నువ్వు రాకపోతే ఇంకో మెకానిక్‌కైనా చూపిస్తాను" అని అక్క పట్టుబట్టింది. ఆ ఇంకో మెకానిక్ విప్పితే లోపల ఏం బయటపడుతుందోనని ఇతని బెంగ.

బావకు వాళ్ల నాన్న ఇచ్చిన బండి అది. ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఇతను కుర్రతనంలో ఒక మధ్యాహ్నం చెప్పకుండా తీసుకెళ్లి సాయంత్రానికి తెచ్చి పెట్టాడు. ఆ తర్వాత బావ పనిమీద వేరే ఊరు వెళ్లాడు. వానాకాలం రెండు నెలలు అక్కడే ఉండి తిరిగొచ్చి కిక్ కొడితే రాడ్ కిందికి దిగలేదు. పిస్టన్ పట్టేసింది.

"ఆయిల్ లేకుండా తోలి చంపేశాడు" అన్నాడు బావ.

"చూసే తోలాను" అని ఇతను ఒట్టు పెట్టుకున్నాడు. చూడలేదు. అంతటితో బావ ఇతనితో నేరుగా మాట్లాడటం మానేశాడు. పక్కపక్కన కూర్చుని అన్నం తింటున్నా, "మీ తమ్ముణ్ణి ఇంకాస్త పెట్టించుకోమను" అని అక్కకే చెప్పేవాడు. పాపం అక్కకు ఇద్దరి మధ్యా టెలిఫోన్ ఉద్యోగం.

ఇప్పుడు విప్పబోతే ఇంజను తల మీద స్పార్క్ ప్లగ్గు ఉండాల్సిన చోట గుడ్డ కుక్కి ఉంది. వేరే ఎవరి బండైనా అయితే ఆ గుడ్డ చూడగానే సంగతి పట్టేసేవాడు. కానీ గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఇతని పరిస్థితి. సిలిండర్ లోపల నిలువు గీతలుంటే ఆయిల్ లేక అరిగినట్టు, అంటే తప్పు తనది. అలా ఉంటే ఎవరూ చూడకముందే రుద్దేద్దామని కొత్త ఎమరీ పేపరు మడిచి జేబులో పెట్టుకుని మరీ వచ్చాడు.

గుడ్డ లాగేసి ఆ రంధ్రంలో డీజిలు, కిరసనాయిలు కలిపి పోశాడు. రోజూ షాపు కట్టేసి వచ్చి, టాప్ గేర్లో వేసి, వెనక చక్రాన్ని ముందుకీ వెనక్కీ ఊపేవాడు. ఇంజను ఉడుంపట్టు వదల్లేదు.

"సుత్తితో ఒక్కటిస్తే పోలా?" అంది అక్క.

"ఇస్తే పిస్టన్ పగిలిపోతుంది. తర్వాత నువ్వు నన్ను కొడతావు."

తొమ్మిదో రోజు చక్రం వెంట్రుకవాసి కదిలింది. మర్నాటికి బెత్తెడు. ఆ మర్నాడు హెడ్డు విప్పి సిలిండర్ పైకి లాగుతుంటే బావ కళ్లజోడు పెట్టుకుని వచ్చి వెనకే నిలబడ్డాడు. ఇక రుద్దడానికి వీల్లేదు.

గీతలు లేవు. పిస్టన్ ఆగిన చోట గోడ చుట్టూ ఎర్రటి తుప్పు, అంతే. ప్లగ్గు రంధ్రంలోంచి నీళ్లు దిగిన తుప్పు. బావ వంగి చూశాడు. నేల మీదున్న గుడ్డకేసి కూడా చూశాడు.

"ఇప్పుడేమంటారు?" అని అడగాలనే ఉంది. అడగకుండా జేబులోంచి ఎమరీ పేపరు తీసి కిరసనాయిల్లో ముంచి తుప్పు రుద్దడం మొదలుపెట్టాడు.

"మీ తమ్ముణ్ణి అడుగు..." అని బావ పక్కకి తిరిగాడు. అక్క లేదు, వంటింట్లో ఉంది. ఇతని వైపే తిరిగాడు. "తుప్పని ముందే తెలుసా? పేపరు జేబులో పెట్టుకొచ్చావు?"

ఇతను తలెత్తలేదు. "గీతలుంటే చెరిపేద్దామని తెచ్చాను. ఆ రోజు నేను ఆయిల్ చూడలేదు బావా. ఒట్టు అబద్ధం."

బావ లోపలికి వెళ్లిపోయాడు. పోయాడు, మళ్లీ మాటల్లేవు అనుకున్నాడు ఇతను. వచ్చేటప్పుడు బావ చేతిలో పాత కళ్లజోడు డబ్బా ఉంది. అందులో ప్లగ్గు.

"నువ్వు మళ్లీ తీసుకెళ్తావని ఊరెళ్లేముందు నేనే పీకి దాచాను" అన్నాడు. "వాన నీళ్లు మెట్ల సందుల్లోంచి కారతాయని నాకు తెలుసు. గుడ్డ చాలనుకున్నాను. తర్వాత తెలిసినా చెప్పలేకపోయాను."

పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. చెయ్యి చాపాడు.

"ఆ పేపర్లో సగం చింపి ఇలా ఇవ్వు."