ఇరవై ఒకటో నంబరు

వారానికొక్క సెలవు. అది కాస్తా గుమ్‌సుక్‌కి కాలర్లు రుద్దడంతోనే సరిపోతుంది. ఐదు తెల్ల యూనిఫాం చొక్కాలు, ఐదింటికీ ఫౌండేషన్ జిడ్డు. మొహానికి మాత్రమే పూస్తే మెడ ఇంకెవరిదో అన్నట్టుంటుంది. అందుకని మెడకీ పూయాలి, పూసింది కాలరుకి అంటుతుంది, అంటింది రుద్దాలి. "మొహం ఉద్యోగానికి వెళ్తోంది, మెడ ఇంట్లోనే ఉండిపోయిందే!" అని పదేళ్ల కిందట భర్త సోఫాలోంచి జోకేశాడు. ఇప్పటికీ అదే జోకు, అదే సోఫా. ఒక్క చొక్కా అయినా ఆరేసిన పాపాన పోలేదు.

ఫౌండేషన్ నంబర్లలో ఆమె రంగు ఇరవై మూడు. కొరియాలోని ఈ సున్‌చన్ ఊళ్లో ఏ ఆడదాన్ని అడిగినా రక్తం గ్రూపు చెప్పినంత తేలిగ్గా తన నంబరు చెబుతుంది, అదీ చాలామంది అబద్ధమే చెబుతారు. ఇరవై ఒకటంటే తెలుపు, ఇరవై మూడంటే ఒక మెట్టు కింద. పంతొమ్మిదేళ్ల కిందట పెళ్లిరోజున అత్తగారు అలంకరించే ఆవిడతో, "ఇరవై ఒకటి వెయ్యమ్మా, మావాళ్లంతా వస్తున్నారు" అంది. అప్పట్లో అది సీసాలో వచ్చేది. ఇప్పుడు ఎండ క్రీము కలిపి, అద్దమున్న గుండ్రటి డబ్బాలో, స్పాంజితో అద్దుకునే కుషన్‌గా వస్తోంది. నంబరు మాత్రం అదే. ఆమె పనిచేసే మేకప్ సామాన్ల షాపు మేనేజరు ప్యో, ఆమెకన్నా పదిహేనేళ్లు చిన్నవాడు, తాను మేనేజరుగా వచ్చిన రోజే పాఠం చెప్పాడు: "ఇరవై మూడు వాళ్లని ఇరవై మూడు అనకండి. ఇరవై ఒకటి మీకు భలే నప్పిందనండి. మీరూ అదే పూసుకోండి, మీ మొహమే మనకి బోర్డు." ఏటా ఆమె ఉద్యోగం పొడిగించాలా వద్దా అన్నది అతని మాట మీదే ఉంటుంది. ఈ ఏడు ఆ మాట ఈ శుక్రవారం రావాలి. నలభై ఏడేళ్లకి ఇది పోతే ఏ హోటల్లోనో గిన్నెలు తోముకోవడమే. ఒళ్లు అలసిపోతే పడుకుంటే తీరుతుంది. ఆమెది అద్దం ముందు కూర్చోగానే మొదలయ్యే అలసట.

మంగళవారం పొద్దున్న ఒక ముసలావిడ కోడల్ని వెంటబెట్టుకుని వచ్చింది. కోడలు కంబోడియా పిల్ల, పేరు చంతా. శనివారం మనవడి మొదటి పుట్టినరోజు పండగట.

"ఇరవై ఒకటి ఇవ్వమ్మా. ఫోటోల్లో నలుగురూ మా కోడల్నే చూడకూడదు. దోసకాయలు పండించే ప్లాస్టిక్ షెడ్లో పనిచేసి ఎండకి ఇలా అయింది. ఇందులో ఎండ క్రీము ఉందిగా, తగ్గుతుంది."

"నేను పుట్టడమే ఇలా పుట్టాను అత్తమ్మా," అంది చంతా మెల్లగా.

"నువ్వూరుకో."

గుమ్‌సుక్ స్పాంజితో ఆ పిల్ల చెంప మీద అద్దింది. బూడిద రాసినట్టు తేలింది. చంతా అద్దంలో చూసుకుని, నవ్వాలో వద్దో తెలియక, "అక్కా, నాకు జ్వరమొచ్చినట్టుంది కదూ?" అంది.

భలే నప్పిందనాలి. ఆ మాట గుమ్‌సుక్ నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కౌంటరు వెనక ప్యో కంప్యూటరు మీంచి తలెత్తాడు. ఆమెకి ఒక్కసారిగా విసుగు పుట్టింది, ఆ ముసలావిడ మీద కాదు, తన నాలిక మీద. దూది తడిపి చంతా చెంప శుభ్రంగా తుడిచేసింది.

"ఈ అమ్మాయి రంగు మా షాపులో లేదు అమ్మగారూ. మా దగ్గరున్నవి రెండే నంబర్లు. లోటు మా డబ్బాలది. ఎండకైతే రంగులేని క్రీము ఇస్తాను, అది చాలు."

"గుమ్‌సుక్ గారూ!" అన్నాడు ప్యో.

ముసలావిడ వదల్లేదు. "రెండు పూతలు వేస్తే పట్టదేంటి? నీకు పట్టలా? ఎంత తెల్లగా ఉన్నావో చూడు!"

గుమ్‌సుక్ ప్యోకి కూడా వినపడేలా అంది.

"పట్టలేదు అమ్మగారూ. పంతొమ్మిదేళ్లుగా పూస్తున్నాను."