బూట్లు విప్పని ప్రయాణికుడు

రైలెక్కిన పది నిమిషాల్లో బూట్లు విప్పి ఇంటిచెప్పుల్లోకి మారని మనిషిని నేను నమ్మను. ఇరవై రెండేళ్లుగా వ్లదివస్తోక్ రైల్లో ఏడో బోగీ నాది. తలుపు తియ్యడం, టీ అందించడం, బోగీ చల్లబడకుండా చూడటం నా ఉద్యోగం.

నాజార్ పెర్మ్‌లో ఎక్కాడు. టికెట్ వ్లదివస్తోక్ దాకా. రెండో రోజు కూడా బూట్లు కాళ్లకే ఉన్నాయి. నిద్రలోనూ విప్పలేదు.

"ఏం బాబూ, మధ్యలో దిగి పారిపోయే ఆలోచనా?" అన్నాను కారిడార్ తుడుస్తూ.

"కాళ్లకి చలేస్తుందండీ."

"బోగీలో ఇరవై ఆరు డిగ్రీలుంటేనా? మా అమ్మమ్మ ఇంతకన్నా మంచి అబద్ధాలు చెప్పేది."

అతను ఎర్రబడి కిటికీ వైపు తిరిగాడు.

అదే కూపేలో కపితొలీనా అనే ముసలావిడ ఉంది. చితా అనే ఊళ్లో చెల్లెలి దగ్గర ఉండిపోవడానికి వెళ్తోంది. ఆవిడ దగ్గర సేబుల్ అనే అడవి జంతువు బొచ్చుతో చేసిన ఖరీదైన కోటు ఒకటుంది. వేటగాడైన భర్త పదకొండు చలికాలాలు ఉచ్చులు పన్ని, ఒక్కో తోలూ పోగుచేసి కుట్టించినది. ఆయన పోయిన వసంతంలో చనిపోయాడు. ఆయన గుర్తుగా ఆవిడకు మిగిలింది ఆ కోటే. బెర్తు కింద పెట్టెలో దాచమంటే వినలేదు. బొచ్చుకు గాలాడాలని కొక్కేనికి తగిలించింది.

మూడోవాడు గెర్మన్. ఎక్కిన ఐదు నిమిషాలకే ట్రాక్‌సూటు, గళ్ల చెప్పులు. ఉడికించిన గుడ్లు అందరికీ పంచాడు. చెత్త సంచులు నాకు బదులు తనే పారేసి వచ్చేవాడు.

"రిమ్మా పావ్లొవ్నా, మీలాంటి అత్తగారుంటే నేను విడాకులు తీసుకునేవాణ్ణే కాదు," అన్నాడోసారి.

"నాకు కూతురుంటే నీకిచ్చేదాన్నే కాదులే," అన్నాను.

కపితొలీనాని పక్కకి పిలిచి, "పెద్దమ్మా, ఆ బూట్లవాడి మీద ఓ కన్నేసి ఉంచు," అని చెప్పాను.

"పాపం, నోట్లో నాలుక లేనివాడమ్మా."

"అలాంటివాళ్లతోనే జాగ్రత్త."

మూడో రోజు పగలు రైలు కొండల మీంచి దిగుతుంటే బైకాల్ కనిపించింది. ఎన్నిసార్లు చూసినవాళ్లయినా అక్కడ లేచి నిలబడతారు. కూపేలన్నీ ఖాళీ అయ్యాయి. కపితొలీనా కారిడార్ కిటికీకి ముక్కు ఆనించి, గడ్డకట్టిన సరస్సును చూస్తోంది. నాజార్ మాత్రం కారిడార్ చివర వంగి బూట్ల లేసులు బిగిస్తున్నాడు. నేను అతని మీంచి చూపు తిప్పలేదు.

స్లుద్యాంక స్టేషన్ వచ్చింది. రైలు ఆగేది రెండు నిమిషాలు. బయట మైనస్ ముప్పై నాలుగు. తలుపు తీసి ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాను. గెర్మన్ నల్ల చెత్తసంచి పట్టుకుని దిగాడు.

"ఇది పారేసి, పొగబెట్టిన చేపలు పట్టుకొస్తా. మీకెన్ని?"

"రెండు. తొందరగా రా, రైలు నీకోసం ఆగదు."

చెప్పుల్లో ఉన్నవాడు ఎక్కడికి పోతాడు? నా కళ్లు నాజార్ బూట్ల మీదే ఉన్నాయి. అతను మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. చేతులు ఖాళీ.

లోపల్నుంచి కేక వినిపించింది. "నా కోటు! నా కోటేదీ?"

గెర్మన్ చెత్తకుండీ దాటేశాడు. సంచి వదల్లేదు. స్టేషన్ గేటు బయట ఒక కారు ఇంజను ఆపకుండా కాచుకుని ఉంది. దొంగ కోసం తలుపు తీసింది నేనే.

నాజార్ నన్ను తోసుకుంటూ దూకాడు. కుంటుతూనే పరిగెత్తాడు. మంచు మీద చెప్పులు నిలవవు. గెర్మన్ ఒకసారి జారాడు, లేచాడు, మళ్లీ జారాడు. నాజార్ సంచి లాక్కున్నాడు. కారు వెళ్లిపోయింది. స్టేషన్ పోలీసు గెర్మన్ చెయ్యి పట్టుకునేసరికి అతని కాలికి ఒక్క చెప్పే ఉంది.

బయల్దేరే వేళయింది. అంతా సవ్యంగా ఉంటే నేను పసుపు జెండా చూపాలి. నాజార్ ఇంకా మూడు బోగీల అవతలే ఉన్నాడు. నేను ఎర్రజెండా ఎత్తాను.

రేడియోలో రైలు మేనేజర్ అరిచాడు. "రిమ్మా! ఏమైంది?"

"ప్రయాణికుడు ఎక్కుతున్నాడు."

"మళ్లీ ఎవడో చేపలకోసం చెప్పుల్లో దిగాడా?"

"కాదు, బూట్లవాడు."

రైలు నిమిషమున్నర ఆలస్యంగా కదిలింది. కపితొలీనా కోటును ఒళ్లో పెట్టుకుని, బొచ్చులోంచి గుడ్డుపెంకులు ఏరుతోంది. మా ముగ్గురికీ టీ పోశాను.

"నాయనా, ఆ బూట్లెందుకు విప్పవు?" అని ఆవిడే అడిగింది.

"ఆరేళ్ల కిందట ఓ చిన్న స్టేషన్లో సిగరెట్ కోసం చెప్పులతో దిగాను. రైలు వెళ్లిపోయింది. వెయిటింగ్ రూంకి తాళం. చలికి గడ్డకట్టి ఎడమకాలి వేళ్లు నాలుగు పోయాయి. అప్పట్నుంచి ప్రతి స్టేషన్లోనూ తలుపు దగ్గరే నిలబడతాను, ఎవరైనా ఉండిపోతారేమోనని."

"ముందే చెప్పచ్చుగా," అన్నాను.

"మీరడగలేదుగా. పారిపోతావా అని అడిగారు."

అతని బూట్ల మంచు కరిగి, నేను పొద్దున్నే శుభ్రం చేసిన తివాచీ మీద మడుగు కట్టింది. గుడ్డ తెచ్చాను.

"కాళ్లెత్తు."

ఎత్తాడు, బూట్లతోనే.