రెండు పక్కలా కోసిన కారు

నూకరత్నం కుట్టుమిషను మీద కారు తలుపు కుడుతోంది, రేకు తడిసిన గుడ్డలా మెత్తగా సూది కిందికి జారిపోతోంది, ఇంత సులువుగా కుట్టు పడే పనికి ఇన్నాళ్ళూ అనవసరంగా భయపడ్డానే అని ఆమె లోలోపల సంబరపడుతోంది. ఎదురుగా తాతాజీ, అంటే ఏడాదిన్నర క్రితం పోయిన ఆమె మొగుడు, గళ్ళ లుంగీ మోకాళ్ళ పైకి ఎగగట్టి, చేతిలో సుత్తి పట్టుకుని కారు దగ్గర నిలబడి ఉన్నాడు. పోయిన మనిషి ఎలా వచ్చాడన్న ఆలోచన ఆమెకు రాదు. వచ్చినవాడు అన్నం తిన్నాడో లేదో అన్నదే ఆమె బెంగ.

అది ఏ చోటో చెప్పడం కష్టం. కాసేపు అది కాకినాడ జగన్నాథపురంలో ఆమె లేడీస్ టైలర్ కొట్టు, తీగ మీద బొత్తాలు కుట్టాల్సిన జాకెట్లు వేలాడుతున్నాయి. కాసేపటికి అదే తాతాజీ పాతికేళ్ళు పనిచేసిన షెడ్డు, జాకెట్ల స్థానంలో మడ్‌గార్డులు వేలాడుతున్నాయి. నేల మీద చీలమండల దాకా సముద్రపు నీళ్ళు నిలిచి ఉన్నాయి గాని చీర అంచు తడవడం లేదు. బట్టలు కత్తిరించే బల్ల మీద అంబాసిడర్ కారు నిలబడి ఉంది, అంత బరువుకి ఆ బల్ల కిర్రుమనకపోవడం ఇద్దరికీ వింతగా లేదు.

ఆ కారు తాతాజీదే. ఆయన టింకరింగ్ పనివాడు, సొట్టలు తీయడం, తుప్పు తిన్న రేకు కోసి కొత్త రేకు అతకడం ఆయన బతుకుతెరువు. ఎవరో డాక్టరుగారు కొబ్బరితోటలో వదిలేసిన ఈ బండిని ఇంటికి లాక్కొచ్చి, తొమ్మిదేళ్ళ పాటు ఆదివారాలన్నీ దాని మీదే ఖర్చుపెట్టాడు. ఊళ్ళో కార్లన్నీ నిగనిగలాడించిన మహానుభావుడు సొంత కారు దగ్గరికి వచ్చేసరికి పెళ్ళినాటి జాకెట్టు ఎక్కించుకోబోయిన ఆడదానిలా అవస్థపడ్డాడు. నూకరత్నం మాత్రం సీటు కవర్లు ఎప్పుడో కుట్టేసి, ఇస్త్రీ చేసి, బీరువాలో పెట్టేసి, ఇక మీదే ఆలస్యమని ప్రతి ఆదివారం దెప్పేది. ఒక ఆదివారం ఆ దెప్పు వినడానికి ఆయన లేడు.

ఇప్పుడు ఉన్నాడు. ఉన్నందుకు సంతోషించాల్సింది పోయి ఆమె కంగారుపడుతోంది, ఎందుకంటే ఆయన పోయాక కారుకి తను చేసిన పని ఆయన కంట పడకూడదు. బీరువాలోని సీటు కవరు తెచ్చి కారు ఎడం పక్కన తెరలా కడుతుంది. ఆయన కుడి పక్కకి వెళతాడు. అక్కడికి పరుగెత్తి తన పైటే పరుస్తుంది. ఆయన మళ్ళీ ఎడం పక్కకి వస్తాడు. కారుకి తలుపులు నాలుగే ఉండాలి, ఆరు కనిపిస్తున్నాయి, ఎన్నిటికని గుడ్డ కడుతుంది?

"ఎందుకండీ అలా అటూ ఇటూ తిరుగుతారు? కాసేపు కూచోలేరా?"

"కూచుంటే పనెలా అవుద్దే?"

ఈ మాట ఆమెకు కొత్త కాదు. ఆయన బతికుండగా కూడా అంతే, ఇటు నాలుగు దెబ్బలు వేసి, అటు వెళ్ళి నాలుగు వేసి, మళ్ళీ ఇటు వచ్చేవాడు. కాలు నిలవని మనిషని ఇరుగుపొరుగుకి చెప్పి నవ్వేది నూకరత్నం. చెప్పి చెప్పి, తనే నమ్మేసింది.

తాతాజీ ఒక తలుపు పట్టుకుని వేయబోతాడు. తలుపు పడదు. కొద్దిగా ఎత్తి వేస్తాడు, పడదు. అప్పుడు సీటు కవరు పక్కకి తప్పించి, వంగి, తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగాల్సిన రేకు ఉండాల్సిన చోట చెయ్యి పెట్టి చూస్తాడు. చెయ్యి ఖాళీలోకి పోతుంది. లేచి, రెండో పక్కకి వెళ్ళి వంగుతాడు. ఆమె కళ్ళు మూసుకుంటుంది, కలలో కళ్ళు మూసుకున్నా అన్నీ కనిపిస్తూనే ఉంటాయి.

"రెండు పక్కలా కోసేసేవా?"

"కోసేసేనండి."

"ఒక్కసారే?"

"ఒక్క రోజే. పొద్దున్న ఎడం పక్క, భోజనం చేసి కుడి పక్క." అంటుంది ఆమె. "పాత కోటుకి లోపలి గుడ్డ మార్చాలంటే మొత్తం విప్పేస్తాం కదండీ. విప్పిందాన్ని కాయితం మీద పరిచి, గీత గీసుకుని, కొత్తది కత్తిరిస్తాం. ఇదీ అంతే అనుకున్నాను. మీ రేకు కోసే గ్రైండరు పెట్టి ఎంత తిన్నగా కోసేనో చూడండి, ఒక్క వంకర లేదు."

"తిన్నగానే కోసేవు," అంటాడు తాతాజీ. "కోటుకైతే కొక్కెం ఉంటాది రత్నం. విప్పినా వేలాడతాది. దీనికి ఆ రేకే నడుం. జానెడు కోసి, కొత్తది అతికి, చల్లారేక ఇంకో జానెడు కొయ్యాలి. మొత్తం తీసేస్తే మధ్యకి కుంగిపోద్ది."

"కుంగిపోయింది."

"ఆఁ. కనపడతానే ఉంది."

ఆయన తిట్టడు. తిడితే బాగుండునని ఆమె కాచుకుని ఉంది, చెడామడా నాలుగు తిట్టి, సుత్తి విసిరేసి, వీధిలోకి వెళ్ళిపోతే తను ఏడ్చి, వంట చేసి, పిలుచుకుని వచ్చేది. ఆయన మటుకు కుంగిన చోట అరచెయ్యి ఆనించి, జ్వరం చూసినట్టు చూస్తున్నాడు. ఆ నెమ్మది ఆమెకు భరించరానిదిగా ఉంది, అందుకే కోపం తెచ్చుకుంటుంది, తప్పు చేసినవాళ్ళకి అదొక్కటే దారి కదా.

"మీరు మాత్రం? మీరు లప్పం పెట్టలేదా?"

ఇది ఆమె ఎవరికీ చెప్పని సంగతి. తాతాజీ దగ్గర పని నేర్చుకుని, తర్వాత సొంతంగా షెడ్డు పెట్టుకున్న కొండబాబుని ఆయన ఎప్పుడూ "లప్పం కొండబాబు" అనే ఎగతాళి చేసేవాడు. తుప్పు కొయ్యకుండా పైన లప్పం పూసి, నునుపు చేసి, రంగు కొట్టి పంపేస్తాడని. ఆయన పోయాక అదే కొండబాబు ఇంటికి వచ్చి, వదినా, కారు నాకియ్యి, నేను పూర్తి చేస్తాను అంటే, నూకరత్నం గుమ్మంలోనే నిలబెట్టి, మా ఇంటి కారుకి లప్పం పడదు నాయనా, నేనే చేసుకుంటాను అని పంపేసింది. ఆ వారమే ఎడమ వైపు ముందు చక్రం పైన రంగు గీకితే, తన మొగుడు రుద్దిన చోటే, వేలెడు మందాన లప్పం బయటపడింది.

సముద్రపు నీళ్ళు కొంచెం పైకి వచ్చాయి. తాతాజీ ఇప్పుడు డ్రైవరు సీట్లో కూర్చుని ఉన్నాడు, సీటు లేదు, అయినా కూర్చుని ఉన్నాడు.

"పెట్టేను," అంటాడు. "మీ చెల్లి కూతురి పెళ్ళికి కారులోనే దిగాలని నువ్వు పట్టుబట్టేవు. మూడు రోజులే ఉంది. రేకు అతికే వ్యవధి లేదు. లప్పం కొట్టేసి రంగేసేసేను."

"పెళ్ళికి మనం బస్సులోనే వెళ్ళేం కదండీ."

"కారు కదల్లేదు కదా మరి. లప్పం మాత్రం ఉండిపోయింది."

ఇద్దరూ నవ్వుతారు. చాలాసేపు నవ్వుతారు, నవ్వు ఆగేసరికి కారు పైకప్పు ఇంకో అంగుళం దిగి ఆయన తలకి తగులుతోంది.

"తర్వాతైనా తీసి సరిగ్గా చెయ్యకపోయారా?"

"తీస్తే నీకు తెలిసిపోద్ది. ఇవాళ తీద్దాం, రేపు తీద్దాం అనుకున్నాను. నువ్వు పక్కన కూచుని కాజాలు కుడతా ఉండేదానివి. నీ ఎదర ఎలా తీస్తాను?"

తొమ్మిదేళ్ళ ఆలస్యానికి కారణం ఇదా అనుకుంటుంది నూకరత్నం. ఆయనకి ఒంటరిగా ఒక్క ఆదివారం ఇచ్చి ఉంటే సరిపోయేది. తను ఇవ్వలేదు, ప్రేమకొద్దీ ఇవ్వలేదు.

అసలు అడగాల్సింది ఇంకా అడగలేదు. కారు కుంగాక తనే ఫోను చేస్తే, సాయంత్రం నాలుగింటికి కొండబాబు క్రేను తెస్తానన్నాడు, ఇస్తే పట్టుకుపోతాడు, లేకపోతే ఇక రాడు, వానలు మొదలైతే కారు అక్కడే రెండుగా విరుగుతుంది. కొండబాబుకి ఇవ్వాలా, లేక ఇంకా తన చేతుల్లో ఏమైనా మిగిలి ఉందా? తాతాజీ మనసులో ఏముండేదో తెలిస్తే చాలు, తర్వాత ఏమైనా పరవాలేదు. ఆమె నోరు తెరవబోతుంది. పెదాల మధ్య గుండుసూదులున్నాయి, కొలతలు పెట్టేటప్పుడు ఆమె ఎప్పుడూ అలా పట్టుకుంటుంది. ఒకటి తీసి సూదుల దిండుకి గుచ్చుతుంది. ఇంకొకటి తీస్తుంది. తీసేకొద్దీ వస్తున్నాయి.

తాతాజీ కారు దిగి, చేతులు చూసుకుంటాడు. "కిరసనాయిలుతో కడుక్కొస్తానుండు, నల్లగా ఉన్నాయి," అంటాడు. షెడ్డు చివర కుళాయి ఉంది, ఆ చివర ఆసుపత్రి వరండా అంత దూరంగా ఉంది, ఆయన ఆ వరండాలో కూడా తిన్నగా నడవకుండా ఈ గోడ నుంచి ఆ గోడకి, ఆ గోడ నుంచి ఈ గోడకి దాటుకుంటూ పోతున్నాడు. ఆఖరి సూది వచ్చేసిందనుకుని ఆమె అరుస్తుంది.

"ఏవండీ! కొండబాబుకి ఇచ్చేదా? నన్నే చెయ్యమంటారా?"

ఆయన కుళాయి తిప్పుతాడు. నీళ్ళ చప్పుడు పెద్దదవుతుంది. ఆ చప్పుడులో ఆయన ఏదో అంటున్నాడు, వీపు మాత్రమే కనిపిస్తోంది.

నూకరత్నం లేచేసరికి మూడున్నర దాటింది. కరెంటు పోయి ఫాను ఆగి ఉంది, చాప మీద చెమట అచ్చు పడింది. మొహం కడుక్కుని పెరట్లోకి వెళ్ళింది. టార్పాలిను కింద కారు పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది, మధ్యకి వంగి, నాలుగు తలుపులూ నోళ్ళు తెరుచుకుని.

కోసిన ముక్కలు పారెయ్యకు వదినా, కొలతకి పనికొస్తాయి అని కొండబాబు ఫోన్లో చెప్పాడు. అవి అరుగు మీద ఖాకీ కాగితంపై తను పరిచినట్టే ఉన్నాయి, రంగున్న వైపు పైకి. గోనెసంచిలో వేద్దామని ఒకటి తీసి తిరగేసింది. లోపలి వైపు, కారులో కాళ్ళు పెట్టుకునే చోట రబ్బరు చాప కింద దాగి ఉండే వైపు, ఎర్ర రంగుతో 1 అని రాసి ఉంది. పక్కన జానెడు దూరంలో అడ్డంగా గీత. గీత అవతల 3. తర్వాత 5.

కుడి పక్క ముక్కలు తిరగేసింది. 2, 4, 6. నాలుగు అంకె మీదుగా ఆమె గ్రైండరు తిన్నగా పోయింది, అది రెండు ముక్కల్లో చెరి సగం ఉంది.

నూకరత్నం ముక్కల ముందు కూర్చుని అంకెల వెంబడి వేలు పెట్టుకుంటూ పోయింది. ఎడమ పక్క ఒకటి, కుడి పక్క రెండు, మళ్ళీ ఎడమ. ఇటు కాస్త, అటు కాస్త, ఎటూ వంగకుండా. తొమ్మిదేళ్ళ ఆదివారాలు పక్కన కూర్చుని చూసిన నడక అది.

క్రేను వీధిలో ఆగిన చప్పుడైంది. కొండబాబు లోపలికి వచ్చి, ఆమె ముందున్న ముక్కలు చూసి, వంగి, ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"గురువుగారి రాతే," అన్నాడు. "ఈయన అంకెలెయ్యడమేంటి వదినా? పాతికేళ్ళలో ఒక్క బండి మీదా వెయ్యలేదు. ఏది ముందో ఏది వెనకో ఆయన చేతికి తెలుసు." ముక్కను వెలుతురుకి తిప్పాడు. "పోనీ నాకోసం అనుకుందామంటే, ఇంత మాత్రం నాకు తెలీదా? ఇది పని తెలీని మనిషి కోసం వేసినట్టుంది."

కొండబాబు ఇంకొకసారి అంకెలు చూశాడు, ఆమెను చూశాడు, ఆ తర్వాత ముక్కను దాని చోట్లో జాగ్రత్తగా పెట్టేశాడు.

"మరి... కారు ఇస్తున్నావా?"

"తీసుకెళ్ళు నాయనా," అంది నూకరత్నం. "లప్పమే పెడతావో, ఏం పెడతావో, నీ ఇష్టం."