ఫ్యానమ్మ

కరెంటు పోతే ఆ వీధిలో అన్ని ఫ్యాన్లూ ఆగిపోయేవి, సెలూన్‌లోది తప్ప. సెలూన్ ఆయన కూతురు మూల కుర్చీలో కూర్చుని దానికేసి చూస్తుంటే చాలు, తిరుగుతూనే ఉండేది. మూడేళ్ళ పిల్ల. వీధి వీధంతా ఫ్యానమ్మ అనేవారు. గడ్డం లేనివాళ్ళు కూడా గాలికోసం వచ్చి కూర్చునేవారు. ఎదురుకొట్టు దర్జీ అయితే పిల్లని కాసేపు అరువివ్వమనేవాడు.

ఫ్యానమ్మకి మాటలు రాలేదు. పిలిస్తే పలకదు, ఎత్తుకుంటే జారిపోతుంది. డాక్టరమ్మ ఆటిజం అంది. ఇలాంటి పిల్లలకి ఆటలతో నేర్పే చోటొకటుంది, ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే అంత మంచిదట, పదమని భార్య ఒకటే పోరు. ఆయన వింటేగా! నాకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి, ఇప్పుడు నా నోరు మూయించే మొనగాడున్నాడా అనేవాడు. అంటూనే కాలుగాలిన పిల్లిలా అద్దానికీ గుమ్మానికీ మధ్య తిరిగేవాడు. లోపల భయం. పిల్ల అల్లరి చేయకుండా కూర్చున్నంతసేపూ అంతా బాగానే ఉందనుకోవచ్చు కదా!

"ఫ్యాను కోసం దాన్ని కూర్చోబెట్టావు. దాని కోసం నువ్వెప్పుడైనా కూర్చున్నావా?" అంది భార్య.

ఆ రాత్రి ఆయనకి నిద్రపట్టలేదు. మర్నాడు కొట్టు మూసి ముగ్గురూ ఆ ఆటలతో నేర్పే చోటికి వెళ్ళారు.

అక్కడి టీచరమ్మ పిల్లని ఇటు చూడు, అటు చూడు అనలేదు. పిల్ల పక్కనే చాపమీద వెల్లకిలా పడుకుని తనూ పైన తిరిగే ఫ్యాను చూసింది. కాసేపయ్యాక లేచి, తండ్రిని పడుకోమని చేతికో కాగితం గాలిమర ఇచ్చింది. పిల్ల చూడగానే అది గిర్రున తిరిగింది. ఇప్పుడు వేలు అడ్డంపెట్టి ఆపండి, ఆపి ఊరికే ఉండండి అంది టీచరమ్మ. ఊరికే ఉండటం ఆయన వంటికి సరిపడదు. కాళ్ళు ఆడించాడు. పిల్ల మొహం ఏడుపుకి తిరిగింది. ఇక లాభంలేదని లేవబోతుంటే చిన్న చెయ్యొకటి వచ్చి ఆయన వేలు పట్టి లాగింది. గాలిమర తిరిగింది. మళ్ళీ ఆపాడు, మళ్ళీ లాగింది. ఈసారి నవ్వింది కూడా. ఆయనకి ఏడుపాగలేదు.

ఇంట్లోనూ ఇలాగే ఆడమంది టీచరమ్మ. ఆడాడు. ఒక్కరోజూ మానకుండా అక్కడికీ తీసుకెళ్ళాడు.

ఒక మధ్యాహ్నం కొట్టు నిండా జనం. కరెంటు పోయింది. ఫ్యాను తిరిగి తిరిగి, నెమ్మదించి, ఆగిపోయింది. సగం గడ్డం గీయించుకుని నురగతో కూర్చున్న పెద్దాయన పైకి చూసి, ఏమైందయ్యా మీ ఫ్యానుకి అన్నాడు. సెలూన్ ఆయన కిందకి చూశాడు. పిల్ల కుర్చీ దిగొచ్చి ఆయన వేలు పట్టుకుని లాగుతోంది.

ఆయన కత్తి పక్కన పెట్టేశాడు.

"కాస్త ఆగండి బాబాయ్," అన్నాడు. "మా అమ్మాయి నన్ను పిలుస్తోంది."