వార్త ఎవరు విన్నారు?

వీధిలో అందరూ ఆమెను వార్తలావిడ అంటారు. ఏళ్ళ తరబడి మధ్యాహ్నపు వార్తలు చదువుతోంది. ఇంట్లో పాత టీవీ ఉన్నన్నాళ్ళూ ఆమె మొహం అందులో అలుక్కుపోయినట్టు కనిపించినా, మాట మాత్రం వంటింట్లో ఉన్న అత్తగారి దాకా వెళ్ళేది. పోయిన వారం భర్త బొమ్మ అద్దంలా కనపడే గోడంత ఎయిట్‌కే టీవీ తెచ్చి బిగించాడు. అప్పటి నుంచి ఇంటిల్లిపాదికీ చెవులు పోయి కళ్ళే మిగిలాయి.

ఆ మధ్యాహ్నం ఆమె చదివిన వార్తల్లో ముఖ్యమైనది ఒకటే. పెద్ద గొట్టం పగిలింది, సాయంత్రం నుంచి కుళాయిలు రావు, నీళ్ళు పట్టి పెట్టుకోండి. రెండుసార్లు, ఒత్తి ఒత్తి చదివింది.

పొద్దువాలే వేళకి ఇల్లు చేరి కుళాయి తిప్పితే బుస్సుమని గాలి వచ్చింది. బకెట్లన్నీ బోసిగా ఉన్నాయి.

"ఏమండీ, ఇవాళ వార్తలు చూశారా?"

"చూడకపోవడమేంటి! ముగ్గురం కదలకుండా కూర్చున్నాం. నీ ఎడమ కనుబొమ్మలో తెల్ల వెంట్రుక ఉంది, తెలుసా? ఒక్కటంటే ఒక్కటే! ఎంత స్పష్టంగా కనపడిందనుకున్నావ్!"

"పౌడరు మెడ దగ్గరే ఆగిపోయిందమ్మాయ్," అంది అత్తగారు. "గీత గీసినట్టుంది. నలుగురూ చూసే మొహం!"

"అమ్మా, చదివేటప్పుడు నీ పెదవి వణికింది. భయమేసిందా?" అంది కూతురు.

"నేనేం చదివాను?"



"ఏదో గొట్టం అన్నావు," అన్నాడు భర్త. "అప్పుడే నీ పంటికి లిప్‌స్టిక్ అంటింది. ఇక దాని మీదే..."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది బతుకు. రెండు బకెట్లు తీసుకుని వీధి చివర ట్యాంకరు దగ్గరికి నడిచింది. అక్కడ సగం వీధి వరుసలో ఉంది.

"మీరైనా ముందే చెప్పాల్సింది కదమ్మా!" అన్నాడు ముందున్న మంగలి.

"చెప్పాను. రెండుసార్లు చెప్పాను."

"అవునా? మేమూ చూశామే! మేం కొన్న కొత్త టీవీలోనూ మీ చెంప మీద మచ్చ..."

ఆమె అతని మాట పూర్తి కానివ్వలేదు. "మచ్చ పుట్టినప్పటి నుంచీ ఉంది. నీళ్ళే లేవు!"

నీళ్ళు మోసుకొచ్చి, మంచం మీద దుప్పటి లాగి, టీవీ మీద కప్పేసింది. రాత్రి భోజనాలకు ముందు మధ్యాహ్నపు వార్తలనే మళ్ళీ వేశారు. దుప్పటి వెనక నుంచి ఆమె గొంతు గొట్టం సంగతి చెప్పింది. రేపు పొద్దున్నే మళ్ళీ ట్యాంకరు వస్తుందని కూడా చెప్పింది.

"అరె, ఎంత వివరంగా చెప్పావు!" అన్నాడు భర్త ఆశ్చర్యపోతూ.

ఆ మెప్పు ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. ఈలోగా అత్తగారు దుప్పటి అంచు మెల్లగా ఎత్తబోయింది.

"అత్తయ్యా!"

"ఆ గీత ఇంకా ఉందేమో చూద్దామని..." అని గొణుగుతూ ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. పొద్దున్న ట్యాంకరు దగ్గరికి ఎవరు వెళ్ళాలన్నది మాత్రం ఎవరూ అడగలేదు.