పగడం సాకు

ఇచ్చోడ చేలల్లో పత్తికట్టె గుచ్చుకోని మడమ ఉండదు. అందరికీ నాలుగు రోజుల్లో మానిపోతుంది. నర్మద మడమ మాత్రం సొరకాయలా ఉబ్బింది. కరీంనగర్ బస్సెక్కితే, ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమే అయినా ఆ కాలికి వేరే టికెట్ కొట్టాలేమోనని కండక్టరు కాసేపు తల గోక్కున్నాడట.

అంతదాకా తెచ్చుకున్నది తనే. భర్త శ్రీహరి మస్కట్‌లో పడవల రేవులో పని చేస్తాడు. ఒకసారి ఫోనులో నీళ్లకింది పగడాలు చూపించి, "గీటి నుంచి పుండ్లకు మందు తీస్తరట" అన్నాడు. ఇంకేం! నర్మద తన పుస్తెలతాడులోని పగడం పూసను తీసి, సాన మీద అరగదీసి, పసుపులో కలిపి మడమకు పట్టించింది. ఆయన కట్టిన తాడులోని పూస కదా, ఆయన చెయ్యే తగిలినట్టనిపించింది. తెల్లారేసరికి కాలు గడప దాటలేదు.

కరీంనగర్ ఆసుపత్రిలో చీము పరీక్ష చేస్తే, చాలా మందులకు లొంగని క్రిమి అని తేలింది. ఆ ఊళ్లోనే కాలేజీ ల్యాబులో పరిశోధన చేసే మేనకోడలు అలేఖ్య ఉరికొచ్చింది.

"పూస నూరి పెట్టినవా అత్తా? పిచ్చిగాని లేసిందా?"

"మీ మామనే చెప్పిండే, పగడంల మందున్నదని."

"పూసల ఏముంటది, సచ్చినంక మిగిలిన బొక్క లెక్క. సముద్రంల పగడం పానమున్న జీవి. దాని ఒంటి మీద బ్యాక్టీరియా బతుకుతయ్. వేరే క్రిములు దగ్గరికి రాకుండ ప్రోటీన్లు ఇడుస్తయ్. మేం పని జేసేది గా ప్రోటీన్ల మీద."

ఫోనులో ఫొటో చూపించింది. గాజుపళ్లెం నిండా మీగడ పరిచినట్టు క్రిములు. నడుమ ఒక్క చుక్క. దాని చుట్టూ చందమామకు గుడి కట్టినట్టు ఖాళీ వలయం, అందులో ఒక్క క్రిమి లేదు.

"అవ్వో! గీ మందు నాకియ్యరాదే?"

"ఎలుకల మీద, మనుషుల మీద ఇంకా చూడాలె. ఏండ్లు పడ్తది. నీకు డాక్టర్లు వేరే సూది ఇస్తుండ్రు, ఫికర్ చెయ్యకు."

నర్మద చెవికి సూది మాట ఎక్కలేదు. 'పానమున్న' అన్న మాటే ఎక్కింది. సాయంత్రం శ్రీహరి ఫోన్ చేయగానే మొదలుపెట్టింది.

"పానమున్న పగడం కావాలెనట. పార్శిల్ జేస్తె సస్తదట. మనిషే పట్కరావాలెనట."

"దాన్ని ముడితే జైల్ల ఏస్తరే!"

"జర అడిగి చూడరాదూ."

మరునాడే అతను సెలవు అడిగాడు. ఇక నర్మద ఊహకు పగ్గం లేదు. శ్రీహరి సముద్రపు నీళ్ల బకెట్ ఒళ్లో పెట్టుకుని విమానంలో వస్తున్నాడు. చేపలు ఎగిరి పక్కవాడి టీలో పడుతున్నాయి. ఇచ్చోడ చౌరస్తాలో దిగేసరికి అతని చొక్కా ఉప్పు వాసన కొడుతోంది. అక్కడికి రాగానే ఊహ ఆగిపోయేది. ఆ వాసన ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు మరి.

సంగతి విని అలేఖ్య పగలబడి నవ్వింది. "తమిళనాడు సముద్రం నుంచి ఎప్పుడో తెచ్చినం అత్తా. బ్యాక్టీరియాను సీసల పెంచుకుంటున్నం. ఇంకో పగడంతోని పనే లేదు. మామకు చెప్త ఉండు."

"వద్దు బిడ్డా!" నర్మద ఆమె చెయ్యి పట్టుకుంది. "నీ కాళ్లు మొక్కుత, చెప్పకు."

అలేఖ్య నవ్వు ఆగిపోయింది. ఫోను సంచిలో వేసుకుంది.

సూదులు పని చేశాయి. కట్టు విప్పిన ప్రతిసారీ పుండు ఎండుతూ కనిపించేది. నర్సు సంబరపడితే, నర్మద మొహం వేలాడేసుకునేది.

ఆ ఆదివారం శ్రీహరి రేవు నుంచే వీడియో కాల్ చేశాడు. "సెలవైతె దొరికింది. పగడం మాత్రం తియ్యనియ్యరట. ఉత్త చేతులతోని వచ్చి నేనేం జెయ్యాలె? రానని చెప్పేస్త తియ్."

నర్మద వేలు తాడు మీదికి పోయింది. పూస లేని చోట ఆగింది.

"పగడం వద్దయ్యా. పిల్ల కాడ అన్నీ ఉన్నయట. పుండు గూడ మానుతుంది."

"మరి నేనెందుకే?"

"నువ్వే కావాలె. ఉత్త చేతులతోనే రా."

తెర మీద అతని మొహం తప్పుకుంది. ఫోనును సముద్రం వైపు తిప్పేశాడు. నీళ్లు కదులుతున్నాయి. ఆ నీళ్ల వెనక నుంచి అతని గొంతు వినిపించింది.

"గీ మాట ముందుగాలనే అనరాదే? కాలుకు గింత వాపు తెచ్చుకోవాల్నా?"